సర్కారు న్యాయవాదుల సమ్మె

2016వ సంవత్సరము నవంబరు నెలలో ఒకనాటి రాత్రి మా పినతండ్రిగారి కుమారుడు మాంట్రియల్ నగరమునుండి టెలిఫోను చేసెను. అక్కడి చలిని గూర్చియు, ఇక్కడి మా పెరటి నిమ్మచెట్టును గూర్చియు ముచ్చటించిన పిమ్మట అతడు, "అన్నయ్యా, ఇచ్చట నొక వింత జరుగుచున్నది. ప్రభుత్వము పక్షమున కోర్టులలో వాదించు న్యాయవాదులే ప్రభుత్వముమీద సమ్మె కట్టియున్నారు" అని చెప్పెను. నేను పకపక నవ్వితిని. పూజారి దేవునితో పేచీపడి గుడితలుపు మూసికొన్నట్లు నాకు తోచినది. "మరి ప్రభుత్వము వారిమీద వ్యాజ్యము వేసినచో ప్రభుత్వము తరపున వాదించువాడెవడు?" అని అడిగితిని. అతడును నవ్వెను.

నవ్వు ముగియకముందే నా దృష్టి బల్లమీది కాగితముపై పడినది. ఆ కాగితము అప్పటికి ఎనిమిది దినములనుండి అక్కడనే యున్నది. దానిపై నేను సంతకము చేయవలసియుండెను, చేయలేదు.

ఆ కాగితమేదో తెలియుటకు నా సంగతి కొంత చెప్పవలెను. నేను బడిపంతులను. మొదట సంస్కృతాంధ్రములు చదివి, భాషాప్రవీణ పరీక్షలో ఉత్తీర్ణుడనై, 2005లో ఒక ఉన్నత పాఠశాలలో ద్వితీయశ్రేణి తెలుగు పండితుడనుగా చేరితిని. ఆరవ తరగతి మొదలు పదవ తరగతివరకు తెలుగు చెప్పితిని. పిదప ఇంగ్లీషు సాహిత్యమును క్రమముగా చదివి పట్టము పొంది, 2012 నాటి నియామకములలో ఇంగ్లీషు బోధించు స్కూల్ అసిస్టెంటుగా ఎన్నికై వేరొక పాఠశాలకు పోయితిని. తరగతులవే. పిల్లలును అట్టివారే. దిద్దవలసిన పుస్తకముల దొంతి యెత్తును అంతయే. నిజము చెప్పవలెనన్న తెలుగు వ్యాసముల దొంతియే యొక జానెడు హెచ్చు. మారినది జీతము. 2010 నాటి వేతనసవరణలో ద్వితీయశ్రేణి పండితుని తొలిమెట్టు 10,900 రూపాయలు. స్కూల్ అసిస్టెంటు తొలిమెట్టు 14,860 రూపాయలు. ఒకటవ తరగతి పసివానిచేత ఓనమాలు దిద్దించు ఉపాధ్యాయునకెంతయో, పదవ తరగతివానికి ఛందస్సును అలంకారములను బోధించు పండితునకును అంతయే. (ఓనమాలు దిద్దించువాని పని తేలికయని నా యభిప్రాయము కాదు. అది మరియొక వ్యాసమునకు తగిన విషయము.)

క్రొత్త పాఠశాలలోని తెలుగు పండితులుగారు నాకంటె ఇరువదియేండ్లకు పైబడి పెద్దవారు. ఉద్యోగవిరమణకు నాలుగు నెలలున్నవి. వారును, చుట్టుప్రక్కల పాఠశాలలలోని మరికొందరు పండితులును కలిసి, ఒకే ఉన్నత పాఠశాలలో ఒకే తరగతులకు బోధించువారికి రెండు విధములగు జీతములేల యని హైకోర్టులో రిట్టు దాఖలు చేయ నిశ్చయించిరి. అందుకై పండితులుగారు నన్ను రెండు కోరికలు కోరిరి. వారు తెలుగున వ్రాసిన సంగతులను ఇంగ్లీషున వ్రాసి ఇమ్మనుట మొదటిది. దానిని రెండు రాత్రులలో ఉత్సాహముతో ముగించితిని. రెండవది నా పేర నొక అఫిడవిట్టు. "నాయనా, నీవు రెండు కుర్చీలలోను కూర్చున్నవాడవు. రెండింటి పనియు నొకటియే యని నీవు చెప్పిన చెల్లును. మేము చెప్పిన ఏడుపందురు" అని వారనిరి.

న్యాయమైన మాట. అయినను కాగితము బల్లమీదనే యుండిపోయెను. పండితుని పనియు నా పనియు సమానమని ప్రమాణము చేసినచో, నెలనెల నాకు వచ్చు హెచ్చు సొమ్మునకు ఆధారము లేదని ప్రమాణము చేసినట్లే కదా యని నా శంక. ఇంటిలో ఈ మాట అనగా నా భార్య, "వారికి పెంచిన మీకు తగ్గింతురా?" అని అడిగెను. తగ్గింపరు. అది నాకును తెలియును. "మరి మీకు పోవునదేమి?" అని ఆమె పొయ్యి దగ్గరకు పోయెను. నాకు పోవునదేదో ఆమెతో చెప్పుటకు సిగ్గయినది. ఏడేండ్లు పండితుడనై యున్నపుడు ఇట్టి అర్జీలను నేనే వ్రాసితిని; పదిమందిచేత సంతకములు పెట్టించితిని. నాలుగేండ్లు స్కూల్ అసిస్టెంటుగా నుండునప్పటికి, ఎవరును అడుగకయే, ఆ భేదమునకు సమర్థనలు నాలో పుట్టనారంభించినవి. ఇంగ్లీషు పరాయిభాష, బోధించుట కష్టము. నేను రాత్రులు మేలుకొని చదివితిని. పోటీ పరీక్ష నెగ్గితిని. ఈ మూడును సత్యములే. కాని పండితుడనుగా నున్నపుడు వీనిలో నొక్కటియు నాకు సమర్థనగా కనబడలేదు.

ఆ రాత్రి తమ్ముడు చెప్పిన సమ్మెను గూర్చి అటుతరువాత పత్రికలలో వెదకి చదివితిని. క్విబెక్ కెనడా దేశములో ఫ్రెంచి భాష మాట్లాడు రాష్ట్రము. అచ్చటి ప్రభుత్వపు కొలువులో సుమారు 1,100 మంది న్యాయవాదులును నోటరీలును ఒక సంఘముగా నేర్పడియుండిరి. అచ్చటి నోటరీ మన కోర్టు వాకిటిలో ముద్రవేసి రుసుము పుచ్చుకొను నోటరీ కాడు. న్యాయశాస్త్రము చదివి ఒప్పందములను, ఆస్తి పత్రములను రచించువాడు. మంత్రిత్వశాఖలకు సలహాలు చెప్పుట, బిల్లుల చిత్తుప్రతులు వ్రాయుట, సివిలు వ్యవహారములలో ప్రభుత్వము తరపున నిలుచుట ఆ సంఘమువారి పని. నేరములు విచారింపజేయు ప్రాసిక్యూటర్లది వేరొక సంఘము. 2011 ఫిబ్రవరిలో ఈ రెండు తెగలవారును కలిసియే సమ్మె చేసిరి. రెండు వారములు గడచునప్పటికి ప్రభుత్వము ప్రత్యేకశాసనము చేసి అందరిని పనిలోనికి మరల్చెను. కాని ఆ సంవత్సరమే ప్రాసిక్యూటర్లతో వేరుగా ఒప్పందము కుదిరి వారి జీతములు బాగుగ పెరిగెను. రెండవ తెగవారు ఉన్నచోటనే యుండిపోయిరి. ఒకే ధర్మశాస్త్రము చదివి, ఒకే ప్రభుత్వమును కొలుచుచు, ఒకే సమ్మెలో నిలిచినవారిలో ఒకరు మెట్టెక్కిరి, ఒకరు ఎక్కలేదు. 2016 అక్టోబరు 24న మొదలయిన సమ్మె ఈ మిగిలినవారిది.

భేదమేల పుట్టినదని ఆలోచించితిని. ప్రాసిక్యూటరు పని మానినచో దొంగ విడుదలయగును. మరునాటి పత్రికలో ఆ వార్త పడును. మంత్రికి నిద్ర పట్టదు. చిత్తుప్రతి వ్రాయువాడు పని మానినచో ఒక బిల్లు ఆలస్యమగును. దానికై కన్నీరు పెట్టువాడు లేడు. అతడు పనిని చక్కగా చేసినను కనబడదు. ఒక పదము చోటెరిగి పడినందువలన పదేండ్లపాటు రాకపోయిన వ్యాజ్యములను లెక్కించువాడెవడు? తెలుగు పండితుని స్థితియు నిట్టిదే. బిడ్డకు ఇంగ్లీషు రాకున్న తండ్రి పాఠశాలకు వచ్చి అడుగును. తెలుగు రాకున్న, ఇంటిలో మాట్లాడుచునేయున్నాడు కదా యని ఊరకుండును.

ఆ న్యాయవాదులు ప్రాసిక్యూటర్లతో సమానముగా జీతములు కోరిరి. దానితోపాటు మరియొకటి కోరిరి: తమ జీతమును నిర్ణయించునపుడు ప్రభుత్వమునకు లోబడని మధ్యవర్తి యొకడు ఉండవలెనని. ఈ రెండవ కోరిక మొదటిదానికంటె గొప్పదని నా తలంపు. సంతలో ధాన్యము కొనువాడే త్రాసును పట్టినచో రైతు ఎంత మొత్తుకొన్న నేమి? ప్రభుత్వము తక్కిన యజమానులవంటిది కాదు. కూలి ఇచ్చునది అదియే. కూలి ఎంతయో తేల్చు సంఘమును నియమించునది అదియే. కూలివాడు అలిగి కూర్చున్నచో అలుక నేరమని చట్టము చేయగలిగినదియు అదియే. ప్రభుత్వము వాదనలో బలము లేదని నేననను. ఒకరికి పెంచినచో ప్రక్కవాడు లేచి నిలుచును, వానికి పెంచిన వాని ప్రక్కవాడు. ఖజానాలోని సొమ్ము చివరకు ప్రజలదే. కాని ఆ మాటను త్రాసు పట్టినవాడే చెప్పుచున్నపుడు విన్నవానికి నమ్మకము కలుగదు, నిజమే యైనను.

మన దేశములో ఈ సమానవేతనపు మాటకు ఒక చరిత్ర కలదు. రాజ్యాంగపు 39వ అధికరణములో స్త్రీ పురుషులకు సమానమగు పనికి సమానమగు వేతనమని వ్రాసియున్నది. అయితే అది కోర్టు అమలుజరుపు హక్కు కాదు, ప్రభుత్వమునకు చెప్పిన ఆదేశము. 1962లో కిషోరీ మోహన్‌లాల్ బక్షీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సిద్ధాంతమునకును సమానత్వపు హక్కునకును సంబంధము లేదన్నది. ఇరువదియేండ్లకు, 1982లో, ఢిల్లీ పోలీసుశాఖలో బండి నడుపు రణధీర్ సింగ్ అను కానిస్టేబులు, ఇతర శాఖలలో బండి నడుపువారికి తనకంటె హెచ్చు జీతమేలయని అడుగగా, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు తీర్పు వ్రాయుచు ఆ ఆదేశమును సమానత్వపు హక్కులతో కలిపి చదివి, అతని కోరిక న్యాయమన్నారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా నుండి పైకి వెళ్ళిన మన తెలుగువారు ఆయన. క్విబెక్ సమ్మె మొదలయిన రెండు దినములకే, 2016 అక్టోబరు 26న, పంజాబు ప్రభుత్వమునకును జగజిత్ సింగ్ మొదలగువారికిని జరిగిన వ్యాజ్యములో, ఖాయము కాని ఉద్యోగులును అదే పని చేయుచున్నచో ఆ పదవి జీతశ్రేణిలోని కనీస వేతనమునకు అర్హులని అదే న్యాయస్థానము తేల్చెను. పండితులుగారు ఈ తీర్పు వార్తను కత్తిరించి పంచాంగములో దాచుకొనిరి.

అయితే ఈ సిద్ధాంతమునకు ప్రక్కవాకిలి యొకటి కలదు. 1980వ దశకము చివర అలహాబాదు హైకోర్టు బెంచి కార్యదర్శుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు, రెండు పదవుల పని సమానమా కాదా యని తూచుట వేతనసంఘములవంటి నిపుణుల పనియనియు, అర్హతలను అనుభవమును బట్టి భేదము చూపుట తప్పుకాదనియు చెప్పెను. ఆ వాకిలిగుండ ఎందరు ప్రభుత్వన్యాయవాదులు ఎన్ని అర్జీలను వెలుపలికి పంపినారో!

వారిలో నొకనిని నేనెరుగుదును. డిసెంబరులో పండితులుగారితో కూడ హైదరాబాదు వెళ్ళితిని. అప్పటికి రెండు తెలుగు రాష్ట్రములకును అచ్చటి హైకోర్టే ఉమ్మడి. వరండాలో నా భుజముపై చేయి వేసి, "ఏమిరా పంతులూ" అన్నవాడు నాతో కళాశాలలో చదివినవాడు. నాటకములలో రాక్షసమంత్రి వేషము కట్టి, స్వామిభక్తికై కన్నీరు కార్చి, మమ్మునందరిని ఏడిపించినవాడు. ఇప్పుడు సహాయ ప్రభుత్వ ప్లీడరు. మేము వచ్చిన పని విని అతడు చిరునవ్వు నవ్వెను.

"మీ దస్త్రము నా బల్లకే వచ్చిననురావచ్చును. వచ్చినచో నేనేమందునో ఇప్పుడే చెప్పెద వినుము. అర్హతలు వేరు. నియామకపు దారులు వేరు. ఖజానాపై భారము. ఇది నిపుణులు తేల్చవలసినది, కోర్టు తేల్చునది కాదు."

"నీవు దానిని నమ్ముదువా?"

"నమ్ముటకు నాకు రుసుము లేదురా. వాదించుటకే."

నేను క్విబెక్ సంగతి చెప్పితిని. మొదట నవ్వెను, నేను నవ్వినట్లే. తరువాత గౌను మడతలు సవరించుకొనుచు, "వారికి సమ్మె చేయుటకొక ఉద్యోగమైనను ఉన్నది. నాకు జీతము లేదు, గౌరవవేతనము. మెట్లు లేవు, పింఛను లేదు. గడువు తీరిన పోవుదును; తీరకముందు పొమ్మన్నను పోవుదును. సమానత్వము కోరవలెనన్న నేనెవనితో సమానమని చెప్పుకొందును?" అనెను. ఆ మీదట ఉత్తరప్రదేశ్ కథ యొకటి చెప్పెను. 1990లో అచ్చటి ప్రభుత్వము ఒక్క ఉత్తరువుతో జిల్లాలలోని ప్రభుత్వ న్యాయవాదులనందరిని ఫిబ్రవరి 28వ తేదితో తొలగించినదట. శ్రీలేఖా విద్యార్థి మొదలగువారు సుప్రీంకోర్టుకు పోగా, ఆ సెప్టెంబరులో ఉత్తరువు కొట్టివేయబడినది. ప్రభుత్వము ఒప్పందపు వ్యవహారములలోనైనను ఇచ్చవచ్చినట్లు ప్రవర్తింపరాదని న్యాయస్థానము చెప్పినది. "మాకున్న రక్ష అంతే. తీసివేయునపుడు కారణముండవలెను. ఇచ్చునపుడు ఎంతయని అడుగరాదు" అని చెప్పి, పేరు పిలిచినంతనే లోపలికి పరుగెత్తెను. తలుపు సందునుండి అతని కంఠము వినబడినది. ఎవరో అంగనవాడి కార్యకర్త అర్జీపై, ఖజానా భారమును గూర్చి, అదే గొప్ప కంఠముతో వాదించుచుండెను.

తిరుగు బస్సులో పండితులుగారు చాలసేపు మాటలాడలేదు. పిదప జగదీశచంద్ర బోసు ప్రసంగము తెచ్చిరి. 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరినపుడు ఆయనకు దొరతనమువారు తెల్లవారికంటె చాల తక్కువ జీతమునిచ్చిరి. ఆయన పాఠములు మానలేదు. జీతము పుచ్చుకొనుట మానెను. అట్లు మూడేండ్లు. తుదకు పూర్తి జీతము వెనుకటి బాకీతో సహా చేతికి వచ్చెను. "పుచ్చుకొననని చెప్పగలిగినాడు గనుక ఆయన మాటకు బరువు వచ్చినది. మనము పుచ్చుకొందుము, పుచ్చుకొని సణుగుదుము" అని పండితులుగారు నవ్విరి. వారి రెండవ కుమార్తె పెండ్లి అప్పు తీరలేదని నాకు తెలియును. నాకు నా అఫిడవిట్టు జ్ఞప్తికి వచ్చి కిటికీవైపు తిరిగితిని. వారు దానిని గూర్చి అడుగలేదు. హైదరాబాదులో ప్లీడరుగారు అడిగినపుడు, "అది వచ్చును" అని మాత్రము చెప్పియుండిరి.

సంక్రాంతి పోయినది. వాయిదాలు పడినవి. నా కాగితము బల్లమీదినుండి సొరుగులోనికి, సొరుగులోనుండి అమరకోశములోనికి మారినది.

ఫిబ్రవరి 27వ తేది రాత్రి తమ్ముడు మరల టెలిఫోను చేసెను. "అన్నయ్యా, మీ సమ్మె ముగియుచున్నది" అని నన్నెగతాళి చేసి, ప్రభుత్వము శాసనసభను పిలిచి ప్రత్యేకశాసనము తెచ్చుచున్నదని చెప్పెను. నాలుగు నెలలు దాటినది. ఇంటిబాకీలు, బడిజీతములు వారికిని ఉండును కదా. బిల్లులు వ్రాయుట ఎవరి వృత్తియో వారిని పనిలోనికి త్రోలుటకే ఒక బిల్లు పుట్టినది. మరునాడు అది శాసనమయ్యెను: పనిలో చేరవలెను, కొంత గడువులో సంప్రదింపులు జరుపవలెను, అవి ఫలింపకున్న ప్రభుత్వము చెప్పిన షరతులే షరతులు. త్రాసు మరల కొనువాని చేతికే వచ్చినది.

ఇచ్చట కాలమును కొంచెము దాటి చెప్పవలెను. సమ్మె చేయు హక్కునకు రాజ్యాంగపు రక్షణ గలదని కెనడా సుప్రీంకోర్టు 2015లోనే, సస్కాచువాన్ రాష్ట్రపు కార్మిక సమాఖ్య వ్యాజ్యములో తీర్పు చెప్పియుండెను. దానిని బట్టి 2019లో క్విబెక్ సుపీరియరు కోర్టు ఈ ప్రత్యేకశాసనము సంఘస్వాతంత్ర్యమునకు విరుద్ధమని ప్రకటించినది. ప్రభుత్వపు న్యాయవాదులు ప్రభుత్వముపై గెలిచిరన్నమాట. కాని 2019 తీర్పు, 2017 ఫిబ్రవరిలో ఉత్తచేతులతో మంచులోనుండి కచ్చేరిలోనికి నడచినవానికి ఆనాడు కనబడదు.

ఆనాడు కనబడని దానిని నమ్మి నడచువారిని గూర్చి ఆ రాత్రి నేను చాలసేపు ఆలోచించితిననిన అతిశయోక్తి యగును. నాకు నిద్ర పట్టలేదు, అంతే. పట్టకపోవుటకు కారణము క్విబెక్ కాదు. మరునాడు 28వ తేది, నెల తుది దినము, పండితులుగారి ఉద్యోగవిరమణ. సన్మానపత్రము చదువవలసినవాడను నేను. దానిలో "నిస్వార్థసేవ" యను మాటను మూడు చోట్ల వ్రాసియుంటిని. దీపము వెలిగించి రెండు చోట్ల కొట్టివేసితిని. తరువాత అమరకోశము తెరచి కాగితము తీసితిని.

సభ మధ్యాహ్నము జరిగినది. పిల్లలు బంతిపూల దండలు తెచ్చిరి. శాలువ కప్పిరి. పదవ తరగతి బాలిక యొకతె పద్యము చదువుచు నడుమ మరచిపోగా, పండితులుగారే వేదికమీదినుండి పాదము అందించిరి. నేను సన్మానపత్రము చదివితిని. నా కంఠము బాగుగనే యున్నదని తరువాత అందరును చెప్పిరి. నాకు మాత్రము అది హైకోర్టు తలుపు సందున విన్న కంఠమువలె వినబడినది.

సభ ముగిసి అందరును కారపుబూందీ, మిఠాయి పుచ్చుకొని పోయిన తరువాత ఉపాధ్యాయుల గదిలో వారును నేనును మిగిలితిమి. వారు తమ బల్ల సొరుగు ఖాళీ చేయుచుండిరి: సుద్దముక్కలు, ఎర్రసిరా కలము, విరిగిన కళ్ళద్దముల చట్రము, పంచాంగము. నేను జేబులోనుండి కాగితము తీసి వారి ముందుంచితిని. "ఇప్పుడిచ్చుచున్నాను. ఆలస్యమైనది" అంటిని. ఇంకేమో చెప్పదలచితిని గాని వారు అప్పటికే కళ్ళద్దములు పెట్టుకొని చదువ మొదలుపెట్టిరి. పరీక్ష పత్రము దిద్దునట్లు చివరివరకు చదివిరి. ఒకచోట వ్రేలు నిలిపి, పైకి చూచి, మరల క్రిందికి చూచిరి. అది నేను క్రొత్తగా చేర్చిన వాక్యము. నేను పండితుడనుగా నుండిన ఏడేండ్లలోను, స్కూల్ అసిస్టెంటుగా నుండిన నాలుగేండ్లలోను చేసిన పనిలో, జీతపు భేదమునకు తగిన భేదమేదియు నేనెరుగనని అందున్నది.

"తేదీ వేయలేదు" అని వారనిరి.

ఎర్రసిరా కలము తప్ప మరియొకటి దొరకలేదు. అఫిడవిట్టునకు ఎర్రసిరా పనికిరాదని వారు అటెండరును పిలిచి నల్లకలము తెప్పించిరి. నేను 28-2-2017 అని వేసితిని.